ఆకలికి నీరు ప్రత్యుత్తరమగునా?

ఆకలిదప్పులు మన భాషలో కవలపిల్లలు. ఒకదానిని పిలిచినచో రెండవది తానుగా వెంటవచ్చును. అన్నపానములు, అన్నోదకములు అను మాటలును ఇట్టివే. ఈ జంటమాటలను చిన్ననాటినుండి వినుచుండుటచేత కాబోలు, ఒకదానికి పెట్టినది రెండవదానికిని చెందునని మనము తెలియకయే నమ్ముచున్నాము. భోజనమునకు ఆలస్యమైనచో గ్రుక్కెడు మంచినీళ్లు త్రాగుదుము. లేదా కాఫీ త్రాగుదుము. ఆకలి యొక యడుగు వెనుకకు పోవును. అట్లు వెనుకకు పోయిన యాకలి తీరిన యాకలియేనా? ఈ ప్రశ్న మొదట వైద్యునిదిగా తోచును. విచారించినకొలదియు నిది ఇల్లు నడపువారికిని, బడి నడపువారికిని సంబంధించిన ధర్మప్రశ్నగా మారుచున్నది. మా మనస్సున దీనిని రేపినవి రెండు చిన్న సంగతులు. వానిని మొదట విన్నవించి, తరువాత విచారమునకు పూనుకొందుము.

మేము చదువు చెప్పు తరగతిలో ఒక బాలుడున్నాడు. మధ్యాహ్నభోజనమైన తరువాత చెప్పిన పాఠమును వాడు మరునాడు తడబడక అప్పగించును. ఉదయము పదకొండు గంటలకు చెప్పిన పద్యము మాత్రము వానికి నిలువదు. ఇది అశ్రద్ధయని తలచి మేము పలుమారులు మందలించితిమి. ఒకటి రెండుసారులు బల్లపై నిలువబెట్టితిమి కూడ. ఒకనాడు ఊరక, "పొద్దున ఏం తిని వచ్చావురా?" అని అడిగితిమి. "టీ తాగి వచ్చానండి మాస్టారూ" అనెను. "తాగింది సరే, తిన్నదేమిటి?" అంటిమి. "టీ తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదండి" అని వాడు సంతోషముతోనే చెప్పెను. వాని తల్లి తెల్లవారకమునుపే కూలికి పోవునట. టీ కాచి పిల్లలకు పోసి పోవునట. అందు ఆ తల్లి తప్పేమియు లేదు. తప్పు మాది. వాని కడుపు చెప్పుచున్న మాటను మేము వాని శీలమునకు అంటగట్టితిమి.

రెండవ సంగతి మా యింటిది. ఒక ఆదివారమునాడు జ్వరము తగిలి, వంటయింటికి ఎదురుగా పడక వేయించుకొని పడియుంటిమి. మా గృహిణి ఉదయము ఐదు గంటలకు కాఫీ త్రాగెను. పిల్లలకును, మా తల్లిగారికిని, వచ్చిన బంధువులకును ఫలహారములు పెట్టి పది గంటలకు మరల కాఫీ త్రాగెను. మధ్యాహ్నము రెండు కావచ్చినది. "నువ్వింకా అన్నం తినలేదేం?" అని అడిగితిమి. "ఇందాక కాఫీ తాగానుగా, ఆకలి చచ్చిపోయింది. ముందు అందరివీ కానివ్వండి" అని బదులు చెప్పెను. ఈ వాక్యమును మేము ఇరువది యేండ్లుగా వినుచున్నాము. ఆనాడు మాత్రము అందలి క్రియాపదము మా చెవిని పట్టుకొన్నది. ఆకలి చచ్చినదట! తీరలేదు, చచ్చినది. మరి చంపినవారెవరు?

ఈ రెండు సంగతులను తలపోయుచుండగా ఛాందోగ్యోపనిషత్తునందలి యొక కథ జ్ఞప్తికి వచ్చినది. ఆరవ ప్రపాఠకమున ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు మనస్సు అన్నమయమనియు, ప్రాణము జలమయమనియు బోధించును. కుమారునకు నమ్మకము కుదురుటకై యొక పరీక్ష పెట్టును. పదునైదు దినములు అన్నము ముట్టవలదు. నీరు మాత్రము ఇచ్చవచ్చినంత త్రాగుము. నీరు త్రాగుచున్నంతవరకు ప్రాణము తెగదు అని చెప్పును. కుమారుడు అట్లే చేసి తండ్రికడకు వచ్చును. ఋక్కులను, యజుస్సులను, సామములను చెప్పుమని తండ్రి యడుగగా, తనకేమియు స్ఫురించుటలేదని కుమారుడు చెప్పును. మహాగ్నిలో మిణుగురుపురుగంత నిప్పు మిగిలినచో అది దేనిని కాల్పగలదు? పోయి భుజించి రమ్మని తండ్రి పంపును. భుజించి వచ్చిన పిమ్మట అడిగినదెల్ల కుమారుడు చెప్పగలిగెను.

ఉపాధ్యాయవృత్తిలోనున్న మాకు ఈ కథ యెన్నియో యేండ్లుగా తెలియును. పరీక్షలకు దీనిని చదివితిమి, వ్యాఖ్యానములు చూచితిమి. అయినను మా తరగతిలో మూడవ బల్లమీద కూర్చున్న శ్వేతకేతువును గుర్తింపలేకపోతిమి. ప్రాణము నిలిచియున్నది, చూపు ఉన్నది, పిలిచిన పలుకుచున్నాడు; పద్యము మాత్రము నిలువదు. నీరు ప్రాణమును కాపాడును. అన్నముచేయు పనిని చేయజాలదు. కథ చెప్పుచున్న భేదమిదియే. ఆ ఉపనిషత్తు మరుసటి ఖండమున ఇంకొక చమత్కారమును చెప్పుచున్నది. ఆకలికి సంస్కృతమున 'అశనాయా' యని పేరు. గోవులను నడపువాడు గోనాయుడు, అశ్వములను నడపువాడు అశ్వనాయుడు అయినట్లే, తిన్న యన్నమును నడపుకొనిపోవునది గనుక జలము అశనాయ యనబడునట. అనగా నీరు అన్నమునకు బండివాడు. సరకు లేని బండిని ఎంత వేగముగ తోలినను ఇంటికి చేరునదేమి?

ఇక నీరు ఆకలిని ఎంతవరకు లొంగదీయును అనునది చూతము. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున, భోజనమధ్యమున నీరు త్రాగువాని శరీరము సమముగా నుండుననియు, భోజనాంతమున త్రాగువాడు స్థూలుడగుననియు, మొదటనే త్రాగువాడు కృశించుననియు చెప్పియున్నాడు. కడుపును నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు అన్నమునకును, ఒక పాలు పానమునకును ఇచ్చి, నాలుగవది వాయుసంచారమునకై విడువుమని కూడ అతడే చెప్పెను. ఇందు భోజనమునకు ముందు నీరు త్రాగుట కార్శ్యమును కలిగించునను మాటను ఇటీవలి పరిశోధకులు కొంతవరకు కొలిచి చూచిరి. అమెరికాలో 55 నుండి 75 ఏండ్ల వయస్సుగల స్థూలకాయులను తీసికొని, అందరకును మితాహారమే విధించి, కొందరిని మాత్రము భోజనమునకు ముందు అరలీటరు నీరు త్రాగుమనిరి. 12 వారములు గడచునప్పటికి నీరు త్రాగినవారు తక్కినవారికంటె సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గిరి. 2010లో ప్రకటింపబడిన ఈ ఫలితము స్థూలకాయముచే బాధపడు పెద్దలకు ఉపయోగకరమైనదే. కాని యౌవనవంతులను పరీక్షించినపుడు, అరగంట ముందు త్రాగిన నీరు వారి భోజనమును తగ్గింపలేదు. వట్టి నీరు జఠరమున నిలుచునది స్వల్పకాలము. సుమారు 20 నిమిషములలో సగము దిగిపోవును. మరియు వాగ్భటుడు కృశించుటను ఒక గుణముగా చెప్పలేదు. ఫలముగా మాత్రమే చెప్పెను. లావైనవానికి మందైనది బక్కవానికి మందు కానేరదు.

శరీరము నీటిచే పూర్తిగా మోసపోవునది కూడ కాదు. 1912లో కానన్, వాష్‌బర్న్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆకలిని కొలుచుటకై చేసిన ప్రయోగము ప్రసిద్ధమైనది. వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగను మ్రింగి, జఠరము ముడుచుకొనునప్పుడెల్ల ఆకలిబాధ కలుగుచుండుటను గుర్తించెను. అందుచేత ఆకలి యనగా కడుపు ఖాళీగా నుండుటయే యని, దేనితో నింపినను తీరునని చాలకాలము తలచిరి. 1999లో జపానుదేశీయులు జఠరమునుండి పుట్టు గ్రెలిన్ అను ద్రవ్యమును కనుగొనిరి. ఇది భోజనమునకు ముందు రక్తమున హెచ్చి, తరువాత తగ్గును. జఠరమును వట్టి నీటితో నింపినపుడు ఇది తగ్గలేదు. పోషకపదార్థము చేరినపుడే తగ్గినది. నిండినదేమో, అందినదేమో శరీరము వేరువేరుగా లెక్క వ్రాసికొనుచున్నదన్నమాట.

ఇంతమాత్రముచేత ద్రవములన్నియు మోసకారులని మేము చెప్పబోము. 1999లోనే పెన్సిల్వేనియా రాష్ట్రమున 24 మంది స్త్రీలకు మధ్యాహ్నభోజనమునకు ముందు కోడిమాంసము, అన్నము కలిపి వండిన వంటకమును ముమ్మారు ముమ్మారు రీతులుగ పెట్టిచూచిరి. ఒకమారు వంటకము మాత్రమే; ఒకమారు వంటకమును, ప్రక్కన గ్లాసుతో నీళ్లును; ఒకమారు ఆ నీళ్లనే వంటకములో పోసి కాచిన పలుచని చారు. ప్రక్కన నీళ్లు త్రాగినపుడు వారి తిండి తగ్గలేదు. అవే నీళ్లు చారుగా మారినపుడు తరువాతి భోజనము సుమారు నాల్గవవంతు తగ్గినది. నీరు అన్నముతో కలిసి వచ్చినపుడు కడుపు దానిని అన్నముగా ఆదరించును. ఒంటరిగా వచ్చినపుడు బాటసారిగా దాటింపజేయును.

దీనిని చదివినపుడు మాకు మన వంటయిండ్లు కన్నులయెదుట నిలిచినవి. చారు, పులుసు, మజ్జిగ, గంజి, తరవాణి, అంబలి! ఇన్ని పలుచని పదార్థములను మన పూర్వులు కల్పించిరిగదా. గంజిని వార్చి పారబోయక పులియబెట్టి తరవాణి చేసికొనిరి; రాత్రి మిగిలిన యన్నములో మజ్జిగ పోసి చద్దన్నము చేసికొనిరి; రాగిపిండిని కాచి అంబలి చేసికొని పొలమునకు పోయిరి. ఇవి త్రాగుటకును తినుటకును నడుమనుండు వస్తువులు. వీనిలో నీరున్నది, నీటితోపాటు సరకును ఉన్నది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ ఇయ్యనారంభించినపుడు, మన ముత్తవ్వల అంబలియే క్రొత్త పేరుతో బడికి వచ్చినదని మేము సంతోషించితిమి. చద్దన్నము పల్లెటూరివారిదని సిగ్గుపడి దాని స్థానమున కాఫీని కూర్చుండబెట్టినప్పుడు మనము మార్చుకొన్నది రుచిని మాత్రమే కాదు. పదార్థమున్న పానమును విడిచి, పదార్థము లేని పానమును తెచ్చికొన్నాము.

తీపి పానీయముల సంగతి దీనికి భిన్నముగా నుండును. 2000 సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో 15 మందికి నాలుగు వారములు దినమునకు 450 కాలరీల చక్కెర మిఠాయిరూపమున ఇచ్చిరి. మరి నాలుగు వారములు అంత చక్కెరనే సోడాపానీయముగా ఇచ్చిరి. మిఠాయి తిన్న దినములలో వారు తమకు తెలియకయే తక్కిన తిండిని తగ్గించుకొనిరి. పానీయము త్రాగిన దినములలో తగ్గించుకొనలేదు, బరువు పెరిగిరి. నమలి మ్రింగినదానిని లెక్కపెట్టినంత శ్రద్ధగా శరీరము త్రాగినదానిని లెక్కపెట్టదు. కావున కలిగినవారింట సీసాల పానీయము లెక్కకు రాని తిండియగుచున్నది. లేనివారింట టీ నీళ్లు తిండిగా లెక్కకు వచ్చుచున్నవి. రెండిండ్లలోను లెక్క తప్పుచున్నది. నష్టము మాత్రము వేరువేరు విధములు.

మోసపోవుట యెక్కడ మొదలగునో చూచినచో విస్మయము కలుగును. అది ఉయ్యాలలోనే మొదలగును. వేసవి వచ్చినది గదా యని చంటిబిడ్డకు ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టు నలవాటు మన యిండ్లలో నింకను పోలేదు. ఆరు మాసములు నిండువరకు తల్లిపాలే చాలుననియు, నీరు కూడ వలదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ చిన్న కడుపు నీటితో నిండినచో బిడ్డ పాలు తక్కువ త్రాగును; త్రాగుట తగ్గినకొలది తల్లికి పాలును తగ్గును. బిడ్డ యేడ్వడు గనుక ఆకలి లేదని పెద్దలు సంతోషింతురు. మాట రానివాని సాక్ష్యమును ఒక్క చెంచాడు నీళ్లతో కొట్టివేసినట్లయినది.

సాక్ష్యమను మాటను మేము తెలిసియే వాడితిమి. ఆకలి యొక సాక్షి. ఈ దేహమునకు అందవలసినది అందలేదని అది చెప్పును. ధనికుని కడుపులోను, దాసుని కడుపులోను ఒకే భాషలో చెప్పును. సాక్షి చెప్పినదానిని విని, ఇప్పుడు కాదు, తరువాత విచారింతునని ఆపుటకు యజమానికి అధికారము కలదు. ఏకాదశినాడు ఉపవసించువాడు చేయునది యిదియే. ద్వాదశి పారణకు బియ్యము ఇంటనున్నది. అతని యుపవాసము అతని యిచ్చ. వైద్యుడు చెప్పగా భోజనమునకు ముందు నీరు త్రాగు స్థూలకాయుడును అట్టివాడే. 1952 అక్టోబరు 19 మొదలు డిసెంబరు 15 వరకు మద్రాసులో 58 దినములు నిరాహారదీక్ష సలిపి ప్రాణములర్పించిన పొట్టి శ్రీరాములుగారు తమ యాకలిని దాచలేదు. దేశమెల్ల వినునట్లు దానిచేత సాక్ష్యము చెప్పించిరి. వీరెవ్వరును ఆకలిని చంపినవారు కారు.

ఆకలి చచ్చినదని చెప్పు గృహిణి మార్గము వేరు. ఆమె ఉపవసింపలేదు, వ్రతము పట్టలేదు, ఎవరును ఆమెను తినవలదనలేదు. అందరును తిన్న పిమ్మట తినుట ఆమె ధర్మమని మనము నిశ్చయించి, ఆ నిశ్చయము ఆమెను బాధింపకుండుటకై ఒక గ్లాసు కాఫీని చేతికిచ్చితిమి. కాఫీ ఆకలిని కొంతసేపు మరపించును; తీర్పదు. అన్నముతోపాటు గాని, దానికి ముందు వెనుకలుగా గాని టీ కాఫీలు త్రాగినచో అన్నమునందలి యినుము శరీరమునకు సరిగా పట్టదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో, భోజనమునకు కనీసమొక గంట ముందును, ఒక గంట తరువాతను టీ కాఫీలను మానుడని చెప్పిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున 15 నుండి 49 ఏండ్ల లోపు భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఈ రక్తహీనతకెల్ల కాఫీయే కారణమని మేము అనము; అట్లనుట అన్యాయము. చాలని తిండి, వరుస కాన్పులు, నులిపురుగులు మొదలగు కారణములు పెక్కులున్నవి. కాని చాలని తిండి చాలుననిపించుటకు ఏ వస్తువు తోడ్పడుచున్నదో, దానిని గూర్చి గృహస్థులు ఒకమారైనను ఆలోచింపవలదా?

నిజమైన యాకలి పానీయములను ఎట్లు ఆశ్రయించునో తెలిసికొనుటకు ఒక దృష్టాంతము చాలును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను వారి యంగీకారముతోనే ఆరు మాసములు అర్ధాకలితో నుంచి పరీక్షించెను. ఆ యువకులు అన్నములో నీళ్లు పోసికొని పెంచుకొనిరి, నీళ్లు త్రాగిరి, కాఫీ టీలు ఎడతెగక త్రాగిరి. తుదకు దినమునకు 9 గిన్నెలకు మించి కాఫీ త్రాగరాదని కట్టడి చేయవలసివచ్చెను. అయినను వారు చిక్కిపోవుటయు, చిరాకుపడుటయు, పగలు రేయి అన్నమునే తలచుటయు మానలేదు. కాఫీ వారి కడుపును ఊరడించినది; వారి దేహము చెప్పు మాటను మార్పలేదు. వారి యాకలి పుస్తకములకెక్కినది. మన వంటయింటి యాకలికి లెక్క వ్రాయువారెవరు?

ఇచ్చట ఒక యాక్షేపణ వచ్చును. "అయ్యా! కూలివానికి గ్లాసెడు టీ ఒక్కటే సుఖము. మా ఆడువారికి ఆ కాఫీ త్రాగు పది నిమిషములే విశ్రాంతి. దానిని కూడ తీసివేయమందురా?" ఈ ప్రశ్నలో న్యాయమున్నది. మేమును దినమునకు రెండుమారులు కాఫీ త్రాగువారమే. ఆ పరిమళమును దూషించుటకు మాకు నోరు రాదు. వేడి పానీయమును చేతబట్టుకొని కూర్చుండుట, నలుగురితో ముచ్చటించుట మానవజీవితమున చిన్న యానందములు కావు. మేము కోరునది ఒక్కటే. దానిని సుఖముగా లెక్కింపుడు, భోజనముగా లెక్కింపకుడు. టీ త్రాగినవాడు ఇంకను తినవలసినవాడే యని యజమానుడు తలచుగాక. కాఫీ త్రాగిన స్త్రీ ఇంకను తినలేదని ఇంటివారు తలతురుగాక.

మన యతిథిమర్యాదయందును ఇట్టి మార్పే వచ్చినది. మా చిన్నతనమున ఇంటికెవరైన వచ్చినచో కాళ్లకు నీళ్లిచ్చి, మంచినీళ్లిచ్చి, "భోజనానికి లేవండి" అనెడివారు. ముందిచ్చిన నీరు రాబోవు అన్నమునకు పీఠిక. ఇప్పుడు "కాఫీ తాగుతారా?" యని యడుగుదుము, త్రాగి, అతిథి లేచిపోవును. ఉపకారమైనది, మర్యాద జరిగినది, బియ్యము చెల్లలేదు. పట్టణములలో ఇది యనివార్యమే కావచ్చును. కాని దూరమునుండి యెండలో వచ్చినవానికి గ్లాసు చేతికిచ్చి, వాని ముఖమును చూడకుండుటకు ఆ గ్లాసునే తెరగా పట్టుకొనుట మాత్రము మర్యాద కాదు.

కావున ఈ విషయమున మాకు తోచిన ధర్మమిది. తన యాకలిని తాను నీటితో ఆపుకొనుటకు మనుష్యునకు స్వాతంత్ర్యము కలదు, అన్నము తన యధీనమున నున్నంతవరకు. ఇతరుల యాకలిని నీటితో ఆపుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఆ యితరుడు నవ్వుచు ఆ గ్లాసును అందుకొన్నను లేదు. అతడు చాలునని చెప్పుటయు సాక్ష్యము కాదు. అలవాటుచేత అతని సాక్షి నిద్రించియుండవచ్చును.

మా యింటిలో చేసికొన్న మార్పు చాల చిన్నది. ఉదయము రెండవ కాఫీకి ముందు వంట చేయువారు కూర్చుండి ఏదైన తినవలెనని నియమము పెట్టుకొన్నాము. మొదట మా తల్లిగారు ఆశ్చర్యపడిరి. తరువాత తమ కాలమున ఎవరును అట్లు అడుగలేదని మెల్లగా చెప్పి, రాత్రియే అన్నములో మజ్జిగ పోసి మూతపెట్టు పనిని తామే పుచ్చుకొనిరి. మా గృహిణికి పది గంటల వేళ మరల ఆకలి వేయుచున్నదట. చచ్చినదనుకొన్నది చావలేదు.

ఆ బాలుని తల్లితోను మాటాడితిమి. ఆమె నొచ్చుకొనునేమో యని జంకుచునే చెప్పితిమి. ఇప్పుడు రాత్రి మిగిలిన యన్నమును ఆమె పిల్లలకై ఉట్టిమీద పెట్టి పోవుచున్నది; ఉల్లిపాయతో తిని, తరువాత టీ త్రాగి వాడు బడికి వచ్చుచున్నాడు. అన్నము మిగులని దినములును ఉన్నవి. అట్టి దినములలో వానిని పద్యము అడుగుటకు ముందు మరియొక ప్రశ్న అడుగుట మేము నేర్చుకొన్నాము.